తీర్మానానికి లొంగని ఏడుపు

నెల కిందట ఆత్మకూరులో మా రమణయ్య సారు సంతాపసభ జరిగింది. రమణయ్య అన్నది ఆయన అసలు పేరు కాదు. ఎందుకు మార్చానో చివరిదాకా చదివినవారికి తెలుస్తుంది. ఆయన లెక్కల అయ్యవారు, మా హేతువాద సంఘానికి పుట్టినప్పటి నుంచీ అధ్యక్షుడు, నా చేత మొదటి వ్యాసం రాయించిన మనిషి. సభలో పటానికి దండ వెయ్యలేదు, దీపం పెట్టలేదు, రెండు నిమిషాల మౌనం కూడా పాటించలేదు. మౌనం ప్రార్థనకు పినతండ్రి కొడుకని ఆయనే అనేవాడు. ఒకరి తరువాత ఒకరు లేచి సారు ఎన్నడూ చలించలేదన్నారు, దేనికీ బెదరలేదన్నారు, ఆయన కంట నీరు చూసినవాడు ఈ తాలూకాలో లేడన్నారు. నా వంతు వచ్చేసరికి గొంతు పట్టుకుపోయిందని చెప్పి కూర్చున్నాను. గొంతు బాగానే ఉంది. సభ ముగిశాక ఆయన కూతురు నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు తనూ టీచరే. “ఏంది మామా, మైకు దొరికితే వదలనోడివి, ఈరోజు మా నాయన గురించి ఒక్క మాట గూడా మాట్లాడకపోతివి?” అంది. “రాస్తాలేమ్మా” అన్నాను. రాయడానికి కూర్చున్నాక, నాకు తెలిసింది ఎంత, తెలియంది ఎంత అన్నదే తేలక నెల రోజులు గడిచాయి.

నేను చెప్పబోయేది జరిగినప్పుడు నాకు ఇరవై నాలుగో, ఇరవై అయిదో. అమ్మా నాయనా ఇద్దరూ టీచర్లు. ఏడాదికొక ఊరు బదిలీ అయి తిరుగుతుంటే నన్ను ఉదయగిరిలో అవ్వ పెంచింది. కొండ కింది వీధిలో పెంకుటిల్లు. పక్కింటివాళ్లు చెక్క గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్లు. పొద్దు పొడవకముందే ఆకురాయి గీస్తున్న చప్పుడు, పచ్చి చెక్క పొట్టు వాసన గోడ దాటి వచ్చేవి. అవ్వ పాతకాలపు మిషను ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి మానుకున్న మనిషి. పని మానినా వార్డు ఆమెను మానలేదు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోకుండా పొయ్యి ముట్టించేది కాదు. పాత చీరలను కొలిచినట్టు చదరంగా చింపి, ఉడకబెట్టి, ఆరేసి, రేకు పెట్టెలో పేర్చేది. అంతకన్నా గట్టి అలవాటు ఇంకొకటి ఉంది. ఇంట్లోకి ఎవరు వచ్చినా, బంధువైనా పాస్టరుగారైనా ఎన్నికలప్పుడు ఓటు అడగవచ్చినవాడైనా, మూడే ప్రశ్నలు వేసేది. “తిన్నావా? దొడ్డికి సరిగా అయిందా? నిద్ర పట్టిందా?” మూడింటికీ అవునంటేనే నీకేం పరవాలేదని నమ్మేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పి బడికి పోయినవాణ్ణి. ఎవరైనా “ఎట్లా ఉన్నావు” అని అడిగితే నాకు చాలాకాలం అందులో ఇంతకంటే ఎక్కువ ప్రశ్న కనపడేది కాదు.

అవ్వ బాప్టిస్టు. ఆమె అవ్వ కాలం నుంచీ. నాకు ప్రభుదాసు అని పేరు పెట్టింది ఆమే. డిగ్రీ అయి, ఆత్మకూరులో ఒక ప్రైవేటు కాలేజీలో సైన్సు చెప్పడానికి చేరి, ఉదయగిరి నుంచి రోజూ బస్సులో పోయివస్తూ, రమణయ్య సారు సంఘంలో పడ్డాక నేను ఆ పేరులోని ప్రభువును తీసేశాను. దాసు ఒక్కటే మిగిలింది. “ప్రభువును తోసేసినావు సరే, ఇప్పుడు యెవురికిరా దాసుడివి?” అని అవ్వ సంగటి ముద్ద పళ్లెంలో వేస్తూ అడిగేది. నేను జవాబుగా మనిషి స్వేచ్ఛ గురించి పావుగంట ఉపన్యసించేవాణ్ణి. “సరేలే, సల్లారిపోతాది, తిను” అనేది. ఇద్దరి మధ్య మతం గురించి జరిగిన చర్చ అంతా ఇంతే.

మా సంఘం ఆదివారాలు సారు ట్యూషను చెప్పే రేకుల షెడ్డులో కూడేది. పది పన్నెండుమందిమి. టీచర్లు, బ్యాంకు గుమాస్తా ఒకాయన, కరెంటాఫీసులో పనిచేసే వెంకటేశ్వర్లు. ఈ పేరు మార్చుకోమని అతన్ని ఎంత బతిమాలినా వినలేదు, సర్టిఫికెట్లతో గొడవ అనేవాడు. మాకొక ఆచారం ఉండేది. ఆచారమన్న మాట మాకు గిట్టదు గానీ అది ఆచారమే. ఎవరికైనా అంతు తెలియనిది ఏదైనా ఎదురైతే దాన్ని ‘బల్ల మీద పెట్టాలి’. చెప్పేవాడు స్టూలు మీద కూర్చుంటాడు, మిగతావాళ్లు వరసగా ప్రశ్నలు వేస్తారు. కారణం దొరికేదాకా ఎవరూ లేవకూడదు. దొరికాక సారు తీర్మానం రాస్తాడు, చేతులెత్తి ఆమోదిస్తాం, స్టూలు మీదవాడు సంతకం పెడతాడు. మర్రిపాడు దారిలో చీకటిపడితే కనిపించే దయ్యపు దీపం ఇట్లాగే మలుపు తిరిగే లారీ లైటుగా తేలింది. ఒకరి ఇంట్లో తమంతట తాము మోగే గిన్నెలు ఎలుకలుగా తేలాయి. కారణం లేనిది ప్రపంచంలో లేదు, కారణం చెప్పలేనివాడు ఇంకా సరిగా అడగనివాడు, ఇంతే మా వేదం. ఆ రోజుల్లో ఆ షెడ్డు నాకు ఇచ్చిన గర్వం ఏ డిగ్రీ ఇవ్వలేదు. ఈ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఊళ్లు తిరిగి, బాబాల మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలు ఇచ్చేవాళ్లం. నిమ్మకాయ కోసి రక్తం కార్చడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం నా వంతు. దుత్తలూరు అవతల ఒక పల్లెలో గ్రామదేవత కొలువు జరుగుతుంటే మమ్మల్ని కుర్రకారు పిలిచారు. అక్కడ ఒక గొర్రెలకాపరుల ఇంటి కోడలికి ఏటా పూనకం వచ్చేది. పేరు పెంచలమ్మ. జుట్టు విరబోసుకుని, నేల మీద ఊగుతూ ఏడుస్తోంది. మాటలు తక్కువ, ఏడుపే ఎక్కువ. చుట్టూ ఆడవాళ్లు కాళ్లకు నీళ్లు పోస్తున్నారు. నేను కాలేజీ ల్యాబు నుంచి తెచ్చిన అమ్మోనియా సీసా మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. ఆమె ఒక్కసారి ఉలిక్కిపడి, దగ్గి, ఆగిపోయింది. “చూశారా, దేవతకు వాసన పడలేదు” అన్నాను. జనం విరగబడి నవ్వారు. ఆమె మొగుడు కూడా నవ్వాడు. ఆమె చీర సర్దుకుని, నన్ను ఒకసారి చూసి, గుంపులో నుంచి దారి చేసుకుంటూ వెళ్లిపోయింది. ఆ ప్రదర్శన గురించి నేను రాసిన వ్యాసం సారుకు ఎంతో నచ్చింది.

అది జరిగిన ఏడాదికో ఏడాదిన్నరకో నాకు మొదలయింది. ఏం మొదలయిందని అడిగితే ఇప్పుడు కూడా తడబడతాను. ఒకనాడు పొద్దున అయిదింటికి మెలకువ వచ్చింది, కళ్లలో నుంచి నీళ్లు కారుతున్నాయి. కలేమీ రాలేదు. ఎవరూ చావలేదు. ఉద్యోగం ఉంది, ప్రేమలు లేవు, జ్వరం లేదు. పక్కింటి ఆకురాయి చప్పుడు వింటూ పడుకుని ఉంటే, ఆ మనిషి ఎందుకు చెక్కుతున్నాడు, ఈ గరిటెలతో లోకానికి ఏం పని అనిపించి మరింత ఏడుపు వచ్చింది. మర్నాడూ అంతే. నెల తిరిగేసరికి ఆత్మకూరు బస్సు ఎక్కడానికి కాళ్లు రాలేదు. క్లాసులో బోర్డు వైపు తిరిగి సుద్దముక్క పట్టుకుని, ఏం రాయబోతున్నానో గుర్తురాక నిలబడిపోయేవాణ్ణి. అవ్వ మూడు ప్రశ్నలకు నేను మూడు అబద్ధాలు చెప్పడం నేర్చుకున్నాను. అంతకన్నా పెద్ద బాధ ఏమిటంటే, కారణం కనపడకపోవడం. దుఃఖం ఉంటే సిగ్గు లేదు, ఆధారం లేని దుఃఖం ఉండడం సిగ్గు. నా ఏడుపు నాకే మోసంగా, దొంగ స్వామి చేతిలో విభూతిలాగా కనిపించేది.

ఇట్లాంటివాడు ఏం చేస్తాడు? తల్లికి చెప్పుకుంటాడు, స్నేహితుడికి చెప్పుకుంటాడు, తాగుతాడు. నేను బల్ల మీద పెట్టాను.

ఆ ఆదివారం స్టూలు మీద కూర్చుని, “నాకు పొద్దున్నే కారణం లేకుండా ఏడుపు వస్తాంది. పరిశీలించండి” అన్నాను. ఎవరూ నవ్వలేదు. మా క్రమశిక్షణ అట్లాంటిది. మూడు గంటలు అడిగారు. వెంకటేశ్వర్లు, “యేమన్నా లవ్వా?” అని మొదలుపెట్టాడు. లేదన్నాను. “ఉండాదేమో, నీకే తెలీదేమో?” అన్నాడు. నాకు తెలియనిది నాకెట్లా ఉంటుందని నేను ఎదురు అడిగితే, అది మంచి పాయింటని బ్యాంకు గుమాస్తా మెచ్చుకున్నాడు. చిన్నప్పటి చర్చి భయాలు కావచ్చునన్నారు ఒకరు. కడుపులో పురుగులన్నారు ఇంకొకరు. ఉదయగిరి నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ అన్నారు. సమాజంలో ఉన్న అసమానతకు స్పందన అని ఒకరంటే, అయితే మా అందరికీ ఎందుకు రాలేదని ఇంకొకరు కొట్టేశారు. నేను కూడా ఉత్సాహంగా నా మీద నేనే ప్రశ్నలు వేసుకున్నాను. ఆ మూడు గంటలు నిజంగా బాగున్నాయి, ఆ నెలలో నేను ఏడవనిది ఆ పూటే. చివరకు రమణయ్య సారు, ముందే రాసుకున్నట్టుగా తడుముకోకుండా తీర్మానం రాశాడు. “సభ్యుడు దాసు ఎదుర్కొంటున్న దుఃఖానికి వాస్తవమైన ఆధారమేదీ కనబడనందున, అది నిరాధారమైనదిగా ఈ సభ తీర్మానించడమైనది.” పన్నెండు చేతులు లేచాయి. పన్నెండో చెయ్యి నాది. సంతకం పెట్టాను.

సోమవారం పొద్దున అయిదింటికి మళ్లీ మెలకువ వచ్చింది.

ఆ సోమవారాన్ని ఎట్లా రాయాలో నాకు ఇన్నేళ్లయినా తెలియలేదు. అప్పటిదాకా నాకు ఏడుపు ఒకటే ఉంది. ఇప్పుడు ఆ ఏడుపు తప్పని నేను ఒప్పుకున్న సంతకం కూడా ఉంది. ఇంక ఆదివారాలు పోలేదు. కాలేజీకి సెలవు పెట్టాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. బతికి ఉండడమే ఒక పొరపాటు తీర్మానంలాగా, ఎవరో తొందరలో ఆమోదించేసినట్టుగా అనిపించసాగింది. ఆ ఆలోచన వచ్చిన కొత్తలో భయమేసింది. తరువాత భయం పోయింది. ఆ భయం పోయినందుకు ఇప్పుడు భయమేస్తుంది.

అవ్వ ఏమీ అనకుండా పది రోజులు చూసింది. ఒకరోజు మధ్యాహ్నం, చేతులు కడుక్కుని, తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మంచం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. “తిన్నావా” అని అడగలేదు. నేను తినలేదని ఆమెకు తెలుసు.

“అబ్బయా, నాకు నిజం జెప్పు. సచ్చిపోవాలనిపిస్తాందా?”

జీవితంలో నాతో ఎవరూ అంత సూటిగా మాట్లాడలేదు. మా బల్ల దగ్గర మూడు గంటల్లో వేసిన వంద ప్రశ్నల్లో ఇది లేదు. అవునన్నాను. ఆమె ఏడవలేదు, దేవుడా అనలేదు.

“ఎన్నాళ్లబట్టి?”

“నెల దాటింది.”

“సరే. బుధవారం ఆత్మకూరికి ఒక డాక్టరు వస్తాడంట, నెల్లూరు నుంచి. మనసు డాక్టరు. పోదాం.”

“నాకు పిచ్చి లేదవ్వా.”

“ఉండాదని యెవురన్నారు? ఆసుపత్రిలో ఒక దొరసానమ్మ ఉండింది, నర్సుల మీద పెద్ద నర్సు. రోజూ మూడు తూర్లు ప్రార్థనకు మోకాళ్లేసేది. ఆయమ్మకే వచ్చింది ఇది. పొద్దున్నే గోడవైపు తిరిగి పడుకునేది, నీ మాదిరే. రెండు నెలలు నేను పక్కన కూసున్నా. భక్తి లేక రావడానికి, తెలివి లేక రావడానికి ఇదేమన్నా పరీచ్చా? జొరం మాదిరి ఇదీ ఒక జొరం.”

నాకు ఒక అనుమానం వచ్చింది. ఆ స్థితిలో కూడా వాదనకు ఓపిక ఉండింది చూడండి. “మరి నువ్వు నాకోసం ప్రార్థన చెయ్యవా?” అన్నాను, దొరికిపోయావు అన్నట్టుగా.

“జేస్తా. అది నాకు. నీకు డాక్టరు.”

విశ్వాసురాలు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది, హేతువాదులు నాకు తీర్మానం రాసిచ్చారు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఏం తేల్చాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఇది చదివి దాసు చివరికి మళ్లీ మందలో కలిశాడని సంబరపడేవాళ్లకు ఒక మాట ముందే చెబుతున్నాను. కలవలేదు. తాయెత్తు కట్టి రోగిని గొలుసుకు బిగించే ప్రతి గడప ముందూ నిలబడి నేను ఇవాళ కూడా అరుస్తాను. అవ్వ కూడా నాతో కలిసి అరిచేది. మిషను ఆసుపత్రిలో గొలుసుల పుండ్లకు కట్లు కట్టిన చెయ్యి ఆమెది.

డాక్టరు ఒక మందుల షాపు వెనక గదిలో కూర్చునేవాడు. బయట వసారాలో పొడుగాటి బెంచీ. లోపల ఒక టేబులు, రెండు కుర్చీలు, కిటికీకి పూల కర్టెను. ఆయనకు నలభై ఉంటాయేమో, తక్కువ మాట్లాడతాడు. “ఎలా ఉంది?” అన్నాడు. నేను శరీరానికీ మనసుకూ సంబంధం గురించి మొదలుపెట్టి, దుఃఖానికి ఆధారం అవసరమా కాదా అన్న దాని మీద రెండు పక్షాలూ చెప్పి, సంఘం తీర్మానం దాకా వచ్చాను. ఆయన మొత్తం విన్నాడు. విని, “మీరు దాని గురించి చెప్పారు. నేను ఎలా ఉందని అడిగాను” అన్నాడు. కాసేపటికి, “బరువుగా ఉంది” అన్నాను. “ఎక్కడ?” అన్నాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆ చెయ్యి పెట్టుకోగానే ఏడుపు వచ్చింది. ఆయన ఆపమనలేదు, ఎందుకనీ అడగలేదు. నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. మాత్రలు రాసిచ్చి, రెండు మూడు వారాల దాకా తేడా తెలియదు, మానకూడదు అని చెప్పి, ప్రతి బుధవారం రమ్మన్నాడు. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా వచ్చిన రోజున ఒంటరిగా ఉండనని నా చేత మాట తీసుకుని, అవ్వను కూడా లోపలికి పిలిచి అదే చెప్పాడు. అవ్వ, “అది నేను జూసుకుంటా సారూ, నాకది అలవాటే” అంది.

ఒక నోటుబుక్కు పెట్టి రోజూ మనసులో వచ్చే ఆలోచనలు రాయమన్నాడు. వారానికి నలభై పేజీలు రాసుకుపోయాను. మాకు తెలిసిన రాత ఒకటే కదా. ప్రతి పేజీలోనూ పైన ప్రతిపాదన, కింద ఆక్షేపణ, దాని కింద సమాధానం. ‘నేను పనికిరానివాణ్ణి’ అన్నది ప్రతిపాదన. దాన్ని ఖండించి, ఆ ఖండనను మళ్లీ ఖండించి, ప్రతిపాదనను ఒక్క మచ్చ లేకుండా నిలబెట్టాను. డాక్టరు శ్రద్ధగా చదివాడు. “చాలా గట్టి వాదన” అన్నాడు. నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది. “ఇందులో ఎవరు గెలిచారు?” అని అడిగాడు. నేనే అన్నాను. “ఎవరి మీద?” అన్నాడు.

ఆ ప్రశ్న పట్టుకుని బయటికి వచ్చి, బస్సు టైము కాలేదని బెంచీ మీద కూర్చున్నాను. అవ్వ షాపులో మాత్రలు తీసుకుంటోంది. బెంచీ అవతలి కొసన కూర్చున్న ఆడమనిషి నన్ను అదేపనిగా చూస్తోంది.

“నువ్వు ఆ నిమ్మకాయ అయ్యోరివి గదా?” అంది.

పెంచలమ్మ. సగానికి సగం అయిపోయింది. పక్కన ఆమె తమ్ముడు కునికిపాట్లు పడుతున్నాడు. పారిపోదామనిపించింది. “అవును” అన్నాను.

“ఈడ గూడా సీసా తెచ్చినావా?”

“లేదు. నేను కూడా డాక్టరు కోసమే వచ్చినా.”

“నీకేం జబ్బు?”

“ఏడుపు.”

“అట్నా. నాదీ అదే” అంది, ఇద్దరిదీ ఒకే ఊరని తెలిసినట్టుగా. తరువాత నెమ్మదిగా చెప్పింది. కోపంగా ఏమీ లేదు, గొర్రెల సంగతి చెబుతున్నంత మామూలుగా చెప్పింది. “యాడాదికి ఒకనాడన్నా వచ్చేది నాకు. ఆ ఒక్కనాడు అందురూ నీళ్లు పోసి, కాళ్లు పట్టుకుని, ఏం గావాల తల్లీ అని అడిగేవోళ్లు. నువ్వొచ్చి పోయినాక దొంగేడుపులంది మా అత్త. ఇంగ యాడవనీలేదు. లోపల్లోపలే పెట్టుకున్నా. కూడు పోలా.”

“తప్పు చేసినా” అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అన్నాక తెలిసింది.

“ఇప్పుడెందుకులే. నేనొకటి అడగతా జెప్పు, సదువుకున్నోడివి. దేవత రాలేదన్నావు. సరే, రాలేదు. మరి వచ్చిందేంది?”

నేను బల్ల ముందు కూర్చున్నవాణ్ణి. మూడేళ్లు తర్కం నూరినవాణ్ణి. “నాకు తెలీదు” అన్నాను. ఆమె తల ఊపింది, ఆ జవాబు ఆమెకు నచ్చినట్టే అనిపించింది. మాత్రల అట్ట చూపించి, ఇది పొద్దున వేసుకునేదా, పొద్దుగూకినాకా అని అడిగింది. అది మాత్రం తెలుసు. చెప్పాను.

ఆ తరువాతి వారం నుంచి నోటుబుక్కులో వాదనలు మాని, జరిగింది మాత్రమే రాశాను. ‘అయిదుకు మెలకువ. ఏడుపు. ఆరున్నరకు ఆగింది. అవ్వ సంగటి పెట్టింది, సగం తిన్నాను. బావి దాకా నడిచాను.’ ఇట్లా రాయడం వ్యాసం రాయడం కంటే ఎంత కష్టమో చెప్పలేను. అవ్వ రోజూ పొద్దున నన్ను లేపి కొండ మెట్ల దాకా నడిపించేది. బుధవారాలు పెంచలమ్మా నేనూ బెంచీ మీద కూర్చుని వానల గురించి, ఆమె గొర్రెల గురించి మాట్లాడుకునేవాళ్లం. రెండో నెలలో ఒకరోజు ఏడింటికి మెలకువ వచ్చింది. పక్కింటి ఆకురాయి చప్పుడు వినిపిస్తోంది. ఎవరో గరిటె చెక్కుతున్నారు అనుకున్నాను, అంతే. దాని మీద ఇంకే ఆలోచనా రాలేదు. లేచి మొహం కడుక్కున్నాను.

ఏది పనిచేసింది? మాత్రలా, ఆ డాక్టరు మౌనమా, నోటుబుక్కా, అవ్వ నడకా, బెంచీనా, ఊరికే కాలం గడవడమా? ప్రయోగం సరిగా చెయ్యాలంటే ఒక్కొక్కటీ తీసేసి చూడాలి. నా ప్రాణంతో ఆ ప్రయోగం చెయ్యడానికి ధైర్యం చాలలేదు. అవ్వ చేసిన ప్రార్థనను ఈ లెక్కలో వెయ్యలేదు. కానీ దాన్ని తీసేసి కూడా చూడలేదన్నది నిజం. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కాలేజీ పిల్లలు “అంకుల్, నాకు డిప్రెషన్” అని సెలవు చీటీ ఇచ్చినంత తేలికగా అంటారు. ఆ మాట మాకు లేదు. లేనందువల్ల ఎంతమందిమి నోరు మూసుకుని పోయామో. అయితే మాట వచ్చాక కూడా వాళ్ల ముఖాల్లో నాకు ఆనాటి గోడే కనిపిస్తుంది. మాట దొరకడం ఎంత మేలు చేసిందో, ఎంత చెయ్యలేదో నాకు తేలడం లేదు. వాళ్లను నేను అవ్వ ప్రశ్నలే అడుగుతాను. ఆమె మంచం పక్కన కూర్చుని అడిగిన నాలుగోది కూడా అడుగుతాను.

మళ్లీ కాలేజీకి పోసాగాక ఒక ఆదివారం షెడ్డుకు పోయి, నా సంతకం వెనక్కి తీసుకుంటానన్నాను. మా సంఘంలో అంతకుముందు ఎవరూ చెయ్యని పని అది.

“కారణం దొరికిందా?” అన్నాడు బ్యాంకు గుమాస్తా.

“లేదు.”

“మరి?”

“డాక్టరు దగ్గరికి పోయినా. మాత్రలు తింటుండా. కొంచెం మేలుగా ఉండాది.”

వెంకటేశ్వర్లు నవ్వాడు. “ఓరి నీ, ఊళ్లో జనం సామి కాడికి పోతే నువ్వు పిచ్చి డాక్టరు కాడికి పోయినావా? తేడా యేందిరా? ఆయన విభూతి ఇస్తాడు, ఈయన మాత్ర ఇస్తాడు.”

“నువ్వు ఆ పేరు పెట్టుకుని ఈడ కూర్చున్నంత తేడా” అన్నాను. నవ్వారు. నేను నవ్వలేదు. “దుఃఖానికి ఆధారం కనపళ్లేదని రాసినారు. మనకు కనపళ్లేదు కాబట్టి అది లేదని రాసినాం. రెండోది తప్పు. తెలీదని రాయండి, సంతకం పెడతా.”

చాలాసేపు వాదన నడిచింది. తెలీదు అని తీర్మానంలో రాస్తే రేపు ప్రతి బాబా మనకు తెలీదనే మాటనే పట్టుకుంటాడని ఒకరన్నారు. అది కొట్టిపారెయ్యదగ్గ వాదన కాదు, ఇప్పటికీ కాదు. రమణయ్య సారు మాత్రం ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. సుద్దముక్క రెండు వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. చివరకు, “వచ్చే వారం చూద్దాం” అని సభ ముగించాడు. అట్లా వాయిదా వెయ్యడం ఆయన చేత మొదటిసారి విన్నాను.

నేను బస్టాండు వైపు నడుస్తుంటే వెనక నుంచి సైకిలు తోసుకుంటూ వచ్చాడు. ఎవరినీ బస్టాండు దాకా సాగనంపే మనిషి కాదు. ఆయన ఇల్లు రెండో వైపు. కాలేజీ గురించి అడిగాడు, అవ్వ గురించి అడిగాడు, ఈసారి వేరుశనగ దెబ్బతింది అన్నాడు. బస్టాండులో బస్సు ఇంకా రాలేదు. సైకిలు స్టాండు వేసి, అద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచాడు. అద్దాలు లేని ఆయన ముఖం నేను అంతకుముందు చూడలేదు. కళ్ల కింద నల్లగా ఉంది.

“ఆ డాక్టరు యే వారం వస్తాడంటివి?”

“బుధవారం సార్.”

“పొద్దున్నా, మధ్యాన్నమా?”

“పొద్దున తొమ్మిది నుంచి సార్. మధ్యాన్నం మూడు తరవాత గూడా చూస్తాడు.”

“పొద్దున పోతే జనం ఉంటారా?”

“తక్కువే సార్.” బస్సు వచ్చే దారి చూస్తూ, “తెలిసినోళ్లు ఎవరూ ఉండరు” అన్నాను.

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. ఎవరి కోసం సార్ అని అడగడానికి నోరు తెరిచాను. ఎదుటివాడి నోట్లో నుంచి కారణం బయటికి లాగడం ఈ మనిషి దగ్గరే నేర్చుకున్నాను. ఆ మనిషి స్టూలు మీద కూర్చున్నట్టు నా ముందు నిలబడి ఉన్నాడు. నోరు మూసుకున్నాను. అంతలో బస్సు వచ్చింది.

ఆ బుధవారం డాక్టరును అడిగి, పొద్దున ఉండే నా వంతును మూడింటికి మార్పించుకున్నాను. ఎందుకని ఆయన అడగలేదు. దానివల్ల మళ్లీ పెంచలమ్మను చూడలేదు, ఆమె ఏమయిందో కూడా తెలియదు. ఆ తరువాత ఏడాది పాటు ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆ బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున ఎవరు కూర్చుని వెళ్లేవారో నాకు తెలియదు.